కమల ఒప్పు, కమలమ్మ తప్పు!

ఈ టపాకి కారణం ఒక నాయనమ్మ. మా నాయనమ్మ కాదు, మా టీములో కొత్తగా చేరిన ఒకమ్మాయి వాళ్ళ నాయనమ్మ.

ఆ అమ్మాయిది నల్లగొండ వైపు. పని మీద శ్రద్ధ ఉంది, పైథాన్ చక్కగా రాస్తుంది. పోయినేడు తనకో చిన్న పని అప్పజెప్పాం. తెలుగులో నింపే దరఖాస్తు ఒకటి, అందులో పేరు రాసే గడి. అక్కడ ఎవరైనా అంకెలూ, చుక్కలూ, పిచ్చి గుర్తులూ కొడితే ఒప్పుకోకూడదు. గంట పని. పైథాన్‌లో ఈజ్‌ఆల్ఫా అని ఒక మెథడ్ ఉంది కదా, ఇచ్చిన మాటలో ఉన్నవన్నీ అక్షరాలేనా అని అడిగితే అవుననో కాదనో చెప్తుంది. అది పెట్టేసింది. పరీక్షించడానికి 'కమల' అని కొట్టింది. ఒప్పుకుంది. తర్వాత వాళ్ళ నాయనమ్మ పేరు కొట్టింది, 'కమలమ్మ'. ఒప్పుకోలేదు!

"అన్నా, ఇది మా నాయనమ్మ పేరు తప్పంటుంది" అంటూ నా సీటు దగ్గరికొచ్చింది.

అప్పటికే మూడు రోజులైంది. ఆ మూడు రోజులూ తన కోడ్‌లోనే ఏదో తప్పుందనుకుని వెతుక్కుంది. కీబోర్డు మార్చింది, ఫాంటు మార్చింది, డేటాబేసు ఎన్‌కోడింగు చూసింది. ఏదీ తేలక, చివరికి ఆ గడి కింద ఒక వరస రాసి పెట్టింది: పేరు ఇంగ్లీషు అక్షరాల్లో మాత్రమే రాయవలెను.

ఆ వరస చూసి నాకు కోపం రావాలి. రాలేదు. సిగ్గేసింది. ఎందుకంటే ఈ సంగతి నాకు 2012 నుంచీ తెలుసు. తెలిసీ ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. ఆ మూడు రోజులూ ఆ అమ్మాయి పోగొట్టుకున్నవి కావు, నేను పోగొట్టినవి.

*

ముందు అసలు సంగతేంటో చెప్తాను, ప్రోగ్రాములు రాయనివాళ్ళకి కూడా అర్థమయ్యేలా.

యూనికోడ్ ప్రతి గుర్తుకీ ఒక తరగతి ఇస్తుంది. క, మ, ల లాంటివి 'అక్షరం' తరగతి. వాటికి మనం తగిలించే గుడి, కొమ్ము, ఎత్వం, పొల్లు, చివరికి సున్న కూడా 'మార్క్' అనే ఇంకో తరగతి. 'కమల'లో మూడూ అక్షరాలే. 'కమలమ్మ'లో రెండు మల మధ్యన కంటికి కనపడని పొల్లు ఒకటుంది, అది మార్క్. ఈజ్‌ఆల్ఫా మొదటి తరగతిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. అందుకని కమల ఒప్పు, కమలమ్మ తప్పు. వనజ ఒప్పు, సీత తప్పు. రమ ఒప్పు, రాముడు తప్పు.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లదీ ఇదే గోల. పదాలు ఏరడానికి అందరం వాడే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ఉంది కదా, దానికి 'తెలుగు' అనే మాట ఇచ్చి పదాలు ఏరమంటే త, ల, గ అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది. ఎత్వమూ కొమ్ములూ గాల్లో కలిసిపోతాయి. పదం హద్దు చెప్పే బ్యాక్‌స్లాష్ బీ కూడా దీని మీదే ఆధారపడుతుంది కాబట్టి, 'కల' అనే పూర్తి పదం కోసం వెతికితే కలం, కలువ కూడా వచ్చి కూర్చుంటాయి.

ఇంకా వింత చెప్పనా? 2008 డిసెంబరులో పైథాన్ 3 వచ్చినప్పటి నుంచీ వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. 'కమలమ్మ' అని వేరియబుల్ పెడితే పైథాన్ కిక్కురుమనదు. ఈజ్‌ఐడెంటిఫయర్ అనే ఇంకో మెథడ్‌ని అడగండి, 'కమలమ్మ' నిక్షేపంలాంటి పేరు అంటుంది. తెలుగు అంకెల్లో ౨౦౨౪ అని ఇచ్చి పూర్ణసంఖ్యగా మార్చమంటే హాయిగా మార్చి ఇస్తుంది. అంటే ఒకే భాష, ఒక గదిలో కమలమ్మకి కుర్చీ వేస్తుంది, పక్క గదిలో మీరెవరంటుంది.

యూనికోడ్ వాళ్ళు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల కోసం ఒక సాంకేతిక ప్రమాణం రాశారు, 18వ నంబరుది. పదంలో భాగమయ్యే గుర్తుల్లో మార్కులు కూడా ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. పెర్ల్‌లో ఈ బాధ లేదు. జావాలో 2011లో వచ్చిన 7వ వెర్షను నుంచీ ఒక ఫ్లాగు పెడితే సరిపోతుంది. పైథాన్‌లోనే విడిగా దొరికే రీజెక్స్ అనే ప్యాకేజీ వాడితే తెలుగు పదం ముక్కలవకుండా వస్తుంది. కాబట్టి "మన భాషే తిరకాసు భాష, అందుకే కంప్యూటరుకి ఎక్కదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఎక్కిన చోట ఎక్కింది. ఎక్కని చోట ఎక్కలేదు.

*

ఇప్పుడు నా నేరం చెప్పుకోవాలి.

2012లో మా ఊరి గ్రంథాలయంలో తెలుగు పుస్తకాల పట్టిక కంప్యూటరుకి ఎక్కించే పని సరదాగా నెత్తికెత్తుకున్నాను. శనాదివారాల్లో వెళ్ళి కూర్చునేవాణ్ణి. పేరులో ఏ పదం కొట్టినా పుస్తకం దొరకాలి, అదీ లక్ష్యం. పెట్టిన నెలకి అక్కడి పెద్దాయన ఫోను చేశారు. "బాబూ, కల అని వెతికితే కలాలూ కలువలూ వస్తున్నాయేంటి?" అన్నారు.

ఒక రాత్రంతా కూర్చుని కారణం కనుక్కున్నాను. కనుక్కున్నాక ఏం చేశాను? బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ తీసేసి, యూనికోడ్‌లో తెలుగుకిచ్చిన 128 స్థానాల గడి మొత్తాన్నీ రాసేసి, పక్కన 'ఇది తీయొద్దు' అని కామెంటు పెట్టి, లైటార్పి పడుకున్నాను. పెద్దాయన సంతోషించారు. నేను గొప్పవాణ్ణనుకున్నాను.

ఆ పరిష్కారంలో ఇంకో బగ్గుందని తర్వాత తెలిసింది. 'సాఫ్ట్‌వేర్' అని సరిగ్గా రాయాలంటే ట్ తర్వాత కనపడని ఒక గుర్తు పెట్టాలి. లేకపోతే వ వత్తుగా మారి కిందికి పోతుంది. ఆ గుర్తు స్థానం తెలుగు గడిలో లేదు, వేరే చోట ఉంది. దాంతో నా ప్రోగ్రాములో సాఫ్ట్‌వేర్ రెండు ముక్కలు. నేను ఆ రాత్రి నా తిప్పలన్నీ నలుగురు చూసే చోట రాసి ఉంటే, ఎవడో ఒకడు వచ్చి "నీ మందుకే ఒక జబ్బుంది చూసుకో" అని చెప్పి ఉండేవాడు. రాయలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

చిన్నప్పుడు మనందరం విన్న ఏడు చేపల కథ గుర్తుందా? ఒక చేప ఎండలేదు. ఎందుకని అడిగితే గడ్డిమోపు మీద నెపం, గడ్డిమోపుని అడిగితే ఆవు మీద, ఆవుని అడిగితే పాలేరు మీద... అలా పోగా పోగా చీమ దగ్గర తేలుతుంది. ఆ కథలో రాజకొడుకు గొప్పతనం ఒక్కటే, మధ్యలో ఆగలేదు. మనం మాత్రం గడ్డిమోపు దగ్గరే ఆగిపోతాం. మోపుని పక్కకి జరిపి, చేప ఎండింది కదా అని సంచీ సర్దేస్తాం. రేపు ఇంకొకడి చేప మీద అదే మోపు పడుతుంది. కంపెనీల్లో దీన్ని వర్క్‌అరౌండ్ అంటారు, దానికి అప్రైజల్లో మార్కులు కూడా వేస్తారు.

*

ఆ అమ్మాయి వచ్చి అడిగాక, ఇద్దరం కూర్చుని పైథాన్ వాళ్ళ బగ్గుల చిట్టా వెతికాం. అక్కడ నాకు రెండో చెంపదెబ్బ తగిలింది.

ఈ బగ్గుని 2007 ఏప్రిల్లోనే ఒకరు రాశారు. దేవనాగరి పాఠంలో పదాలు ఏరబోతే చిన్న చిన్న ముక్కలైపోతున్నాయని. 2011 ఆగస్టులో ఇంకొకరు, నేను పైన చెప్పిన యూనికోడ్ ప్రమాణాన్ని పేరాతో సహా చూపిస్తూ, పైథాన్ దాన్ని పాటించడం లేదని మళ్ళీ రాశారు. మొదటి నివేదిక రాసినప్పుడు పైథాన్ బగ్గులు సోర్స్‌ఫోర్జ్‌లో ఉండేవి. అదే ఏడు సొంత ట్రాకర్‌కి మారాయి. 2022 ఏప్రిల్లో అక్కణ్ణుంచి గిట్‌హబ్‌కి మారాయి. ఆ నివేదిక రెండు ఇళ్ళు మారింది. ఎవరో దాన్ని ప్రతిసారీ మూటగట్టి మోసుకొచ్చారు. నేను 2012లో ఆ రాత్రి ఒక్క పది నిమిషాలు వెతికినా అది దొరికేది. దాని కింద "తెలుగులో కూడా ఇదే బాధ, ఇదిగో ఉదాహరణ" అని నాలుగు వరసలు రాయడానికి ఇంకో పది నిమిషాలు.

హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ డాలస్‌లోనూ పైథాన్ రాసే తెలుగువాళ్ళు ఎంతమందో నేను లెక్కపెట్టక్కర్లేదు. ఏ ఆఫీసు కాంటీన్లోనైనా ఐదు నిమిషాలు నిలబడి వినండి, చాలు. ఇంతమందిమి రోజూ ఈ భాష మీద బతుకుతున్నాం. మన లిపిని ముక్కలు చేస్తుందని చెప్పడానికి మాత్రం దేవనాగరి రాసుకునే ఒకరూ, యూనికోడ్ తెలిసిన ఇంకొకరూ కావాల్సొచ్చింది. అందరమూ పల్లకీ ఎక్కేవాళ్ళమే.

2018 ఫిబ్రవరి గుర్తుందా? ఆపిల్ ఫోన్లలో 11.2.5 వెర్షను మీద జ్ఞా లాంటి ఒక తెలుగు అక్షరం వస్తే మెసేజి యాప్ కూలిపోయేది. ప్రపంచమంతా తెలుగు పేరు వార్తల్లోకి ఎక్కింది. అదే నెలలో 11.2.6 వచ్చి దాన్ని సరిచేసింది. చప్పుడు చేసే బగ్గుకి వైద్యం అంత త్వరగా దొరుకుతుంది. కమలమ్మ బగ్గు చప్పుడు చేయదు. ఏదీ కూలదు, ఏదీ ఆగదు. ఒక పేరు వెనక్కి వస్తుంది, ఒక పదం దొరకదు, గడి కింద 'ఇంగ్లీషులో మాత్రమే' అని ఒక వరస పుడుతుంది. అంతే. తెలుగు పోతోంది పోతోందని సభలు పెట్టి గుండెలు బాదుకుంటాం గానీ, అది పోయేది ఇదిగో ఇలాంటి గళ్ళ దగ్గర, ఒక్కొక్క వర్క్‌అరౌండ్ చొప్పున. నోరులేని బగ్గుకి సాక్షి కావాలి. తెలుగు చదవడం రానివాడికి 'త ల గ' చూసినా తప్పు కనపడదు. ఆ సాక్ష్యం మనం చెప్పకపోతే చెప్పేవాడు లేడు.

*

ఈ మాట ఎక్కడన్నా నాకు ఎదురయ్యే జవాబులు నాలుగు. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, "మన ఇంగ్లీషు అంతంతమాత్రం". బగ్గు నివేదికకి కావలసింది ఇంగ్లీషు కాదండీ. ఏ వెర్షను, ఏం రాశాను, ఏం వచ్చింది, ఏం రావాలి. ఇందులో రెండు కోడే, ఒకటి అంకె. మిగిలిన ఒక్క వాక్యంలో వ్యాకరణం తప్పినా ఎవరూ నవ్వరు. అక్కడ రాసేవాళ్ళలో చాలామందికి ఇంగ్లీషు అమ్మభాష కాదు. క్లయింటుకి అర్ధరాత్రి మెయిలు రాయగలిగినవాళ్ళం, ఇది రాయలేమా?

రెండోది, "అంత పెద్దవాళ్ళకి చెప్పడానికి మనమెవరం?" ఇది వినయంలా కనిపిస్తుంది గానీ బద్ధకం. ఆ పెద్దవాళ్ళకి కంపైలర్ తెలుసు, కమలమ్మ పేరని తెలీదు. ఆ ఒక్క విషయంలో నల్లగొండ నాయనమ్మ మనవరాలు వాళ్ళకంటే పెద్దది.

మూడోది కాస్త గట్టిది. "పెద్ద పెద్ద కంపెనీలు ఈ భాష మీద కోట్లు గడిస్తున్నాయి, నేనెందుకు ఊరికే చాకిరీ చెయ్యాలి?" నిజమే. ఈ మాట నేను కొట్టెయ్యను. గంటగంటకీ బిల్లు వేసే మన కంపెనీలు, తాము వాడుకునే భాషలో తప్పు దొరికితే దాన్ని పైకి చెప్పడానికి నెలకొక పూట ఇవ్వవు. పైగా ఆఫీసు టైములో బయట ఏం రాసినా ఒప్పందంలో పదహారో క్లాజు చూపిస్తాయి. దాని మీద మనం గొడవ పెట్టుకోవాలి, మేనేజర్‌ని అడగాలి. అడగందే అమ్మైనా పెట్టదు. కానీ ఒకటి ఆలోచించండి. అదే బగ్గుతో మన టీములో మూడు రోజులు, పక్క కంపెనీలో రెండు రోజులు, ఇంకో చోట వారం. ఆ చాకిరీ మాత్రం ఎవరి కోసం? నివేదిక రాయకుండా మిగుల్చుకున్న అరగంట ఎవరికీ మిగల్లేదు.

నాలుగోది, "రాసినా పట్టించుకోరు. చూడు, 2007లో రాస్తే ఇంకా అలాగే ఉంది". ఇదీ నిజమే. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ఇవాళ్టికీ మన మాత్రల్ని వదిలేస్తుంది. అయితే ఇందులో ఒక చిక్కుంది, అది కూడా చెప్పుకోవాలి. ఒక మూల పద్ధతి అర్థాన్ని మారిస్తే, ఇన్నేళ్ళుగా దాని మీద ఆధారపడి నడుస్తున్న ప్రోగ్రాములు రేపు పొద్దున వేరే జవాబులిస్తాయి. ఆ భయం ఊరికే తీసిపారేసేది కాదు. పైథాన్‌ని దిద్దేవాళ్ళలో ఎక్కువమంది జీతం లేకుండా చేసేవాళ్ళే, వాళ్ళ ముందు వేల నివేదికలున్నాయి.

మరి రాసి ఏం లాభం అంటారా? అక్కడే డాక్యుమెంటేషను సంగతి వస్తుంది. నా అసలు వాదన కూడా అదే.

*

పాత పైథాన్ పత్రాల్లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ గురించి ఏమని ఉండేదంటే, ఏ భాషలోనైనా పదంలో భాగం కాగల గుర్తుల్లో చాలా భాగం ఇందులోకి వస్తాయని. చదివితే కడుపు నిండే వాక్యం. తెలుగు విషయంలో పచ్చి అబద్ధం. ఆ వాక్యాన్ని నమ్మినవాడు తన కోడ్‌లో తప్పు వెతుక్కుంటాడు గానీ భాషని అనుమానించడు. ఇప్పటి పత్రాల్లో ఆ వాక్యం లేదు. ఈజ్‌ఆల్నమ్ అనే మెథడ్ దేన్ని అక్షరం లేదా అంకె అంటుందో అవీ, అండర్‌స్కోరూ మాత్రమే అని తేల్చి చెప్పారు. ఈజ్‌ఆల్ఫా దగ్గర కూడా, తాము చూసేది యూనికోడ్ 'ఆల్ఫబెటిక్' అని నిర్వచించిన గుణాన్ని కాదు, వేరే అని ఒక వాక్యం చేర్చారు.

ప్రోగ్రాము ఒక్క బైటు కూడా మారలేదు. మారింది రెండు వాక్యాలు. కానీ వాటిని చదివినవాడికి మూడు రోజులు మిగులుతాయి. బగ్గుని దిద్దడం కుదరనప్పుడు, దాని గురించి నిజం రాయడమే దిద్దుబాటు. రాయని బగ్గు గుంట అయితే, రాసిన బగ్గు గుంట పక్కన నాటిన ఎర్ర జెండా. గుంట పూడకపోయినా కాలు విరగదు.

ఆ రెండు వాక్యాలూ మార్చింది నేను కాదు. ఈ ముక్క రాయడానికి మనసొప్పడం లేదు గానీ, రాయాలి.

మరి పత్రాలు సరిచేశాక కూడా ఆ అమ్మాయికి మూడు రోజులెందుకు పట్టిందంటారా? ఆ వాక్యం చదివింది. 'ఆల్ఫబెటిక్ గుణం వేరు' అంటే తన నాయనమ్మ పేరు చెల్లదని అర్థమని తనకి తట్టలేదు. ఎలా తడుతుంది? అక్కడ ఒక్క ఉదాహరణ ఉంటే తట్టేది. ఇక్కడే కొత్తవాళ్ళ విలువ. పదేళ్ళుగా వాడుతున్న నాలాంటివాడికి పత్రాల్లో లోటు కనపడదు, బుర్రలో ఉన్నది కాగితం మీద ఉన్నట్టే అనిపిస్తుంది. ఎక్కడ మెట్టు లేదో నిన్న జారిపడ్డవాడికే తెలుసు. ఆ జ్ఞానం వారం రోజులే ఉంటుంది, తర్వాత వాడికీ అలవాటైపోతుంది. ఆ వారంలో రాయించండి.

కొత్తవాళ్ళ తికమకని ఎవరు పట్టించుకుంటారనకండి. ఒకప్పుడు బ్రాకెట్టు తెరిచి మూయడం మర్చిపోతే పైథాన్ తర్వాతి వరసలో తప్పుందని చెప్పేది. నేర్చుకునేవాళ్ళు ఏ తప్పూ లేని ఆ వరసని గంటల తరబడి చూస్తూ కూర్చునేవారు. 2021 అక్టోబరులో వచ్చిన 3.10 నుంచీ ఏ బ్రాకెట్టు మూయలేదో దాన్నే వేలెత్తి చూపిస్తుంది. భాషలో తప్పు లేకపోయినా చెప్పే తీరులో తప్పుంటే అది కూడా దిద్దదగ్గదే అని ఒప్పుకోబట్టి ఆ మార్పొచ్చింది.

*

ఇంతా విని రేపట్నుంచి అందరూ వెళ్ళి ఏదో ఒకటి రాసెయ్యండి అంటున్నాననుకునేరు. అది ఇంకో రోగం, అదీ మన దగ్గరే ఎక్కువ.

2020 అక్టోబరులో ఏం జరిగింది? నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇస్తామని హ్యాక్టోబర్‌ఫెస్ట్ వాళ్ళన్నారు. ఎలా పంపాలో ఒక వీడియో వచ్చింది. ఇక చూస్కోండి, డాక్యుమెంటేషను మెరుగుదల పేరుతో రీడ్‌మీల్లో 'అద్భుతమైన ప్రాజెక్టు' అని ఒక ముక్క చేర్చి పంపిన చెత్త వేలల్లో. విసిగిపోయిన ప్రాజెక్టులవాళ్ళు మొరపెట్టుకుంటే, ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే లెక్క అని మధ్యలో నిబంధన మార్చాల్సొచ్చింది. ఈమధ్య ఇంకో అవతారం వచ్చింది. ఏఐని అడిగి, అది కక్కిన లేని బగ్గుని ఉన్నట్టుగా రాసి పంపడం. కర్ల్ అనే ప్రఖ్యాత సాధనాన్ని నడిపే ఆయన 2024 జనవరిలోనే ఈ నివేదికల గురించి బాహాటంగా వాపోయారు. ఒక అబద్ధపు నివేదికని కాదని తేల్చడానికి నిజమైన నివేదికకి పట్టినంత సమయమూ పడుతుంది. అలా పోయిన ప్రతి గంటా ఏదో ఒక కమలమ్మ వంతు నుంచి పోయిందే.

రెజ్యూమేలో ఒక వరస కోసం చేసేది ఫిర్యాదు కాదు, మెరుగుదలా కాదు. తేడా ఎలా తెలుస్తుందంటే, రాసేముందు మీకు నిజంగా కాలు జారిందా? జారితే రాయండి. జారకపోతే వద్దు.

ఎలా రాయాలో కూడా చెప్పేస్తాను, పెద్ద బ్రహ్మవిద్య ఏం కాదు. ముందు వెతకండి, ఒకటికి నాలుగు మాటలు మార్చి వెతకండి. నేను పంపిన మొట్టమొదటి నివేదికని 'ఇది ఇదివరకే ఉంది' అని లంకె ఇచ్చి మూసేశారు. వారం రోజులు మొహం మాడ్చుకు తిరిగాను. తర్వాత ఆ లంకె నొక్కి చూస్తే నాకు కావలసిన జవాబు అందులోనే ఉంది. ముందే వెతికుంటే ఆ వారం నాకు మిగిలేది. దొరక్కపోతే, మీ ప్రాజెక్టు మొత్తం అక్కడ కుమ్మరించకండి. తీసేస్తూ పోండి. తప్పు ఇంకా కనిపిస్తూనే ఉండాలి, ఇక ఏ వరస తీసినా మాయమవ్వాలి. ఆ దశకి వచ్చేసరికి సగంసార్లు తప్పు మనదేనని తెలిసిపోతుంది, అదీ లాభమే. మిగిలింది ఐదు వరసలు. వెర్షను రాయండి. ఒక నివేదికలో ఒకే బగ్గు. 'పనిచేయట్లేదు' అనే మాట ఎక్కడా వాడకండి. ఏం వచ్చిందో రాయండి.

పత్రాలకైతే ఇంకా తేలిక. పైథాన్ పత్రాల ప్రతి పేజీ అడుగునా బగ్గు కనిపించిందా అని లంకె ఉంటుంది. వాటి మూలం కూడా పైథాన్ కోడ్‌తో పాటే ఒకే చోట, మామూలు పాఠంగా ఉంటుంది. వాక్యం మార్చి పంపాలంటే సీ భాష రానక్కర్లేదు. ఓసారి కంట్రిబ్యూటర్ ఒప్పందం మీద సంతకం పెట్టాలి, అంతే.

*

చివరికి ఏమైందో చెప్పి ముగిస్తాను. ఇద్దరం కలిసి కొత్త నివేదిక పెట్టలేదు. ఉన్నదాన్నే మళ్ళీ పెడితే అదీ చెత్తే కదా. ఫారంలో ఈజ్‌ఆల్ఫా తీసేసి మార్కుల్ని కూడా ఒప్పుకునేలా మార్చాం. గడి కింద ఉన్న 'ఇంగ్లీషులో మాత్రమే' వరస తీసేశాం. మా టెస్టుల్లో కమలమ్మ, సీత, రాముడు, కనపడని గుర్తున్న రాజ్‌కుమార్ శాశ్వత సభ్యులైపోయారు. వీళ్ళలో ఎవరు ఫెయిలయినా బిల్డు ముందుకు పోదు. ఎందుకు పెట్టామో, ఏ బగ్గు వల్లనో మా పత్రాల్లో లంకెతో సహా రాశాం. పైథాన్ పత్రాల్లో ఈజ్‌ఆల్ఫా పక్కన చేర్చమని అడగడానికి ఒక ఉదాహరణ ఆ అమ్మాయే తయారుచేసింది, రెండు వరసలు. తీసుకుంటారో లేదో వాళ్ళిష్టం. తీసుకోకపోతే ఎందుకో చెప్తారు, అదీ రాతపూర్వకంగా ఉంటుంది. ఇంకో పదేళ్ళకి వెతికినవాడికి కనిపిస్తుంది.

ఇక మీ వంతు. మీ కోడ్‌లో 'ఇది తీయొద్దు' అనో, 'ఎందుకో తెలీదు, ఇలా చేస్తే పనిచేస్తోంది' అనో రాసిన వరస ఒకటి కచ్చితంగా ఉంటుంది. లేదని నాతో చెప్పకండి, నేను నమ్మను :) రేపు ఆఫీసుకెళ్ళగానే దాన్ని తెరవండి. అది ఎందుకు తీయకూడదో కనుక్కుని, ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పండి. గ్రంథాలయం కోడ్‌లో నాది అలాగే ఉంది, 2012 నుంచీ. ఈ ఆదివారం ఊరెళ్తున్నాను.